పాత ట్యూబ్‌లైట్ పట్టీకి ఎలక్ట్రానిక్ చోక్ పెట్టవచ్చా?

అందరికీ నమస్కారం. విశాఖ కంచరపాలెంలో మా నాన్నగారి టైలరింగ్ షాపు ఉంది. అందులో రెండు పాత ట్యూబ్‌లైట్ పట్టీలు, 38 మిల్లీమీటర్ల లావు ట్యూబులు, బరువైన ఇనుప చోకులు. సముద్రపు గాలికి స్టార్టర్ హోల్డర్లు తుప్పు పట్టాయి. లైటు మినుకుమినుకుమంటుంటే సూదిలో దారం ఎక్కించడానికి నాన్నకు కళ్లు లాగేస్తున్నాయి. నాకు అదే టెన్షన్.

నేను చదివినంతలో, మామూలు చోకు మీద మన 50 హెర్ట్జ్ కరెంటుకి ట్యూబు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. ఎలక్ట్రానిక్ చోక్ దాన్ని 20,000 హెర్ట్జ్ పైకి తీసుకెళ్తుంది కాబట్టి మినుకు కనపడదు, అదే వెలుగుకి కరెంటూ తగ్గుతుంది. 1970లలో వచ్చిన ట్రైఫాస్ఫర్ పూత (ట్యూబు లోపల ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులిచ్చే మూడు పొడుల పూత) ఇంకా పెద్ద మేలు. పాత పూత కింద మెరూన్, బ్రౌన్ దారాలకు తేడా సరిగ్గా తెలియదు. దర్జీకి అంతకంటే ఏం కావాలి!

ఎల్‌ఈడీ పెట్టమని అందరూ అంటున్నారు. పట్టీలు గట్టిగా ఉన్నాయి, ముందు వీటినే బాగుచేసుకోవాలని నాన్న కోరిక.

36 వాట్ల సన్న ట్యూబు, ఎలక్ట్రానిక్ చోక్ కలిపి ఇదే పట్టీలో బిగించవచ్చా? స్టార్టర్ తీసేయాలని తెలుసు, వైరింగ్ ఎంత మార్చాలి? ట్రైఫాస్ఫర్ ట్యూబులు పూర్ణా మార్కెట్ వైపు గానీ, జగదాంబ దగ్గర గానీ దొరుకుతున్నాయా? పాత ట్యూబుల్లో పాదరసం ఉంటుంది, చెత్తబండిలో వేయడానికి మనసొప్పడం లేదు. విశాఖలో వాటిని ఎవరికి ఇవ్వాలో కూడా చెప్పండి.