టోటల్ లాస్ అయి రిపేరైన ఎర్టిగా 6 లక్షల 20 వేలకు ఇస్తామంటున్నారు, తీసుకోవచ్చా?

ఏలూరు_తూర్పువీధి
అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఆరుగురం. అమ్మను నెలకు రెండుసార్లు గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ప్రతిసారీ కారు మాట్లాడుకుంటే 4 వేలు దాటుతోంది. అందుకే సెకండ్ హ్యాండ్ ఎర్టిగా వెతుకుతున్నా. విజయవాడలో ఒక కన్సల్టెన్సీలో 2022 మోడల్ పెట్రోల్ బండి చూశాను, 41 వేల కిలోమీటర్లు తిరిగింది. మిగతా చోట్ల ఇదే బండి 8 లక్షల 80 వేలకు తగ్గడం లేదు, ఇక్కడ 6 లక్షల 20 వేలు. ఎందుకింత తక్కువ అంటే దాచకుండానే చెప్పాడు. ముందు భాగం గుద్దిందట, ఇన్సూరెన్స్ వాళ్లు టోటల్ లాస్ కింద సెటిల్ చేశారట, వీళ్లు కొని బాగు చేయించారట. నడిపి చూశాను, నాకైతే తేడా తెలియలేదు.

ఇలాంటి బండి కొనొచ్చా? ఫుల్ ఇన్సూరెన్స్ ఇస్తారా? లోన్ వస్తుందా? మూడేళ్ల తర్వాత అమ్మితే ఎవరైనా కొంటారా? ఆదివారం లోపు 20 వేలు అడ్వాన్స్ కట్టమంటున్నాడు, టెన్షన్‌గా ఉంది.

భీమవరం_రోడ్లు
వద్దు బాస్. మా బావ ఇలాగే రిపేరైన బండి కొన్నాడు. కొన్న రోజు నుంచి ఎడమ వైపుకే లాగుతుంది. ఐదుసార్లు అలైన్‌మెంట్ చేయించాడు. 9 వేల కిలోమీటర్లకే ముందు టైర్లు రెండూ లోపలి అంచున వైరు కనబడేదాకా అరిగిపోయాయి. కొత్త టైర్లకు 14 వేలు. మళ్లీ అదే అరుగుడు. అక్క ఇప్పుడు ఆ బండి ఎక్కనంటోంది.

ఆటోనగర్_టింకర్
22 ఏళ్లుగా విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ చేస్తున్నా. టోటల్ లాస్ అనగానే తుక్కు అనుకోవడం తప్పు. రిపేరు ఖర్చు ఐడీవీలో, అంటే పాలసీలో బండికి కట్టిన విలువలో, 75 శాతం దాటితే ఇన్సూరెన్స్ వాళ్లు టోటల్ లాస్ రాస్తారు, అంతే. నాలుగేళ్లు దాటిన బండికి 50 శాతం తరుగు తీస్తారు. 10 లక్షల బండికి ఐడీవీ 5 లక్షలు. అందులో 75 శాతం అంటే 3 లక్షల 75 వేలు. షోరూమ్‌లో డోర్ సొట్ట పడితే డోరే మార్చాలంటారు, హెడ్‌లైట్ చెవి విరిగితే లైటే మార్చాలంటారు. 3 లక్షల 75 వేలు దాటడం ఎంతసేపు? అదే పని నేను లక్షన్నరలో చేసి పంపిన బండ్లు ఇప్పటికీ హైవే మీద తిరుగుతున్నాయి. చాసిస్ వంగినవి కూడా వేడి చేసి లాగి నిలబెట్టాను.

తమ్ముడూ, బండి నా దగ్గరకు తీసుకురా, చూసి చెబుతా.

బాడీషాప్_ఇంజినీర్
పై పోస్టులో లెక్క సరైనదే, చివరి మాట మాత్రం ప్రమాదకరం. వేడి చేసి లాగడం ఏమిటండీ? ఎర్టిగాకు లారీకి ఉన్నట్టు విడిగా చాసిస్ ఉండదు, బాడీయే చాసిస్. ముందు పట్టాలు, పిల్లర్లు హై టెన్సైల్ స్టీల్. గ్యాస్ పెట్టి ఎర్రగా కాలిస్తే ఆ స్టీల్ బలం పోతుంది. పైకి నిటారుగా కనబడుతుంది, రంగు వేస్తే మీరూ నేనూ గుర్తుపట్టలేం. రెండోసారి గుద్దినప్పుడు ఎక్కడ ముడుచుకోవాలో అక్కడ ముడుచుకోకుండా దెబ్బ నేరుగా లోపల కూర్చున్నవాళ్ల మీదకు వస్తుంది. అలాంటి భాగం కోసి కొత్తది స్పాట్ వెల్డింగ్‌తో వేయాలి, కొలతలు జిగ్ మీద, అంటే బాడీ కొలతలు సరిచూసే చట్రం మీద, చూడాలి.

ఆటోనగర్_టింకర్
పుస్తకం చదివి మాట్లాడకండి. ఆటోనగర్‌లో పని నేర్చుకున్నవాళ్లు రాష్ట్రమంతా షెడ్లు పెట్టుకున్నారు. మేం చేసిన బండి విరిగిందని ఒక్కడు వచ్చాడా? జిగ్, రాక్ నా షెడ్డులోనూ ఉన్నాయి. ఎక్కడ వేడి పెట్టాలో ఎక్కడ పెట్టకూడదో చేతికి తెలుస్తుంది.

బాడీషాప్_ఇంజినీర్
విరిగినవాళ్లు మీ దగ్గరకు రారండీ. బండి అప్పటికే మూడు చేతులు మారి ఉంటుంది. నేను షోరూమ్‌లో 11 ఏళ్లు చేశాను. బోనెట్ ఎత్తితే ముందు చక్రం పక్కన లోపలి రేకు, అదే ఆప్రాన్ మీద సీలెంట్ చేత్తో పూసినట్టు, స్పాట్ వెల్డింగ్ చుక్కలు లేకుండా నున్నగా ఉన్న బండ్లు ఎన్ని చూశానో లెక్కలేదు. ఓనర్‌కు చెబితే కొన్నప్పుడు ఎవరూ చెప్పలేదని బాధపడేవారు. అందులో పిల్లల్ని స్కూలుకు తీసుకెళ్లేవాళ్లున్నారు. చేతికి తెలుస్తుందంటే నేను ఒప్పుకోను.

ఖమ్మం_మున్నేరు
అందరూ కొనేవాడి గురించే రాస్తున్నారు. పోగొట్టుకున్నవాడి బాధ కూడా వినండి. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగినప్పుడు నా స్విఫ్ట్ మునిగింది. టోటల్ లాస్ చేశారు. సర్వేయర్ చెప్పిన చోట సంతకాలు పెట్టాను, ఓనర్ పేరు మార్చే ఫారం 29, 30 ఖాళీగా తీసుకున్నారు. డబ్బు వచ్చింది, బండి ఎవరో వేలంలో కొనుక్కుపోయారు. ఏడు నెలల తర్వాత నా ఫోన్‌కు చలానాలు మొదలయ్యాయి. ఓవర్ స్పీడ్, రాంగ్ పార్కింగ్, మళ్లీ ఓవర్ స్పీడ్. ఆర్‌సీ ఇప్పటికీ నా పేరు మీదే ఉంది. ఆ బండి రేపు ఎవరినైనా గుద్దితే పోలీసులు మా ఇంటికే వస్తారు. రాత్రి నిద్ర పట్టడం లేదు. ఏలూరు గారూ, మీరు చూసిన బండి ఆర్‌సీ ఎవరి పేరు మీద ఉంది? ముందు అది చూడండి.

డాలస్_గోదారోడు
ఇక్కడ టెక్సస్‌లో నేను ఇలా బాగు చేసిన రీబిల్ట్ బండ్లు రెండు వాడాను, రెండూ బాగానే నడిచాయి. చదువుకోవడానికి వచ్చే మన పిల్లల్లో చాలామంది అవే కొంటారు. ఇక్కడ ఇన్సూరెన్స్ కంపెనీ రాసేసిన బండికి సాల్వేజ్ టైటిల్, అంటే పాడైన బండి అని రాసిన ఓనర్‌షిప్ కాగితం, వస్తుంది. బాగు చేసినవాడు ఏ భాగాలు మార్చాడో వీటీఆర్-61 ఫారంలో రాసి ఇస్తేనే మళ్లీ రోడ్డెక్కుతుంది. అప్పుడు కూడా టైటిల్ మీద రీబిల్ట్ సాల్వేజ్ అని ఉండిపోతుంది. కొన్ని కంపెనీలు ఎదుటివాళ్ల నష్టానికి ఇచ్చే లయబిలిటీ మాత్రమే ఇస్తాయి, ఫుల్ కవరేజ్ ఇవ్వవు. ముందే తెలుసుకుని కొంటే తప్పు లేదు.

గన్నవరం_పైలట్
డాలస్ గారూ, మీకు కాగితం మీద ఉంటుంది కాబట్టి తెలుసుకుని కొన్నారు. మన ఆర్‌సీ మీద టోటల్ లాస్ అనే ముక్కే ఉండదు. మొదటి కన్సల్టెన్సీ చెబుతాడు, రెండోవాడు చెప్పడు, మూడోవాడికి అసలు తెలియదు. ఏలూరు గారికి టెక్సస్ ఫారాలతో పనేముంది?

డాలస్_గోదారోడు
అనుభవం అడిగారు, చెప్పాను. కోపం దేనికి? మా నాన్న కొవ్వూరులోనే ఉంటారు, ఆయనకూ ఇలాంటి బండే చూస్తున్నాను. అందుకే ఈ చర్చ చదువుతున్నా.

నల్గొండ_పాతబండి
ఇంకో సంగతి ఎవరూ చెప్పలే. కొందరు టోటల్ లాస్ బండి కొనేది బాగు చేయడానికి కాదన్నా, కాగితాల కోసం. అదే మోడల్, అదే రంగు బండి దొంగతనం చేసి, ఈ చాసిస్ నంబర్ కోసి దానికి అతికిస్తరు. దేశంలో ఇట్లాంటి ముఠాలు చాలాసార్లు పట్టుబడ్డయి. మా ఊళ్లో ఒకాయన కొన్న బండిని పోలీసులు పట్టుకపోయిండ్రు. డబ్బూ పోయింది, బండీ పోయింది, ఆరు నెలలు స్టేషన్ చుట్టూ తిరిగిండు. చాసిస్ నంబర్ చుట్టూ గ్రైండింగ్ గీతలు, కొత్త వెల్డింగ్, అక్కడ మాత్రమే వేరే రంగు కనబడితే ఆ బండి ముట్టుకోవద్దు. ఇంజిన్ నంబర్ కూడా ఆర్‌సీతో పోల్చాలె.

బాడీషాప్_ఇంజినీర్
ఏలూరు గారూ, ఒక లెక్క చూడండి. మీ బండి 2022ది. క్లెయిం ఎప్పుడు జరిగింది? రెండేళ్లు దాటాక అయితే తరుగు 30 శాతమే. 10 లక్షల బండి అనుకుంటే ఐడీవీ 7 లక్షలు, అందులో 75 శాతం 5 లక్షల 25 వేలు. ముందు గుద్దిన దెబ్బకు అంత ఎస్టిమేట్ వచ్చిందంటే ఎయిర్‌బ్యాగులు పేలకుండా ఉండటం కష్టం. పేలితే బ్యాగులు, గుద్దినప్పుడు సీట్ బెల్ట్ బిగించే ప్రిటెన్షనర్లు, వీటిని నడిపే మాడ్యూల్ అన్నీ మార్చాలి. ఆ ఖర్చు తప్పించుకోవడానికి రెసిస్టర్ పెట్టి లైటు ఆర్పేసేవాళ్లున్నారు. తాళం ఆన్ చేయగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కొన్ని సెకన్లకు ఆరాలి. అసలు వెలగకపోతే అనుమానించాలి. వెలిగి ఆరినా సరిపోదు, స్కానర్ పెట్టి చూడాలి.

ఏలూరు_తూర్పువీధి
అందరికీ చాలా థాంక్స్. ఇప్పుడే ఫోన్ చేసి అడిగాను. సెటిల్‌మెంట్ 2024 అక్టోబరులో అయిందట, దెబ్బ సెప్టెంబరులో. ఎయిర్‌బ్యాగులు పేలలేదు, కంపెనీవే ఉన్నాయని గట్టిగా చెబుతున్నాడు. ఆర్‌సీ మొదటి ఓనర్ పేరు మీదే ఉంది, అడ్రస్ విజయవాడ. లోపల సీట్ కవర్లు, కింద కార్పెట్ అన్నీ కొత్తవి వేయించామన్నాడు. నిజంగా లోపల చాలా నీట్‌గా ఉంది, సెంటు వాసన వస్తోంది.

సింగ్‌నగర్_పాయకాపురం
అన్నా ఆగండి. విజయవాడ అడ్రస్, 2024 సెప్టెంబరు, ఎయిర్‌బ్యాగులు పేలలేదు, కార్పెట్ కొత్తది. అది గుద్దిన బండి కాదు, బుడమేరు వరదలో మునిగిన బండి అని నా నమ్మకం.

సెప్టెంబరు 1 పొద్దున మా వీధిలో నీళ్లు మోకాలి దాకా ఉన్నాయి, మధ్యాహ్నానికి కార్ల అద్దాలు మునిగాయి. మేం మేడ మీద మూడు రోజులున్నాం. పై నుంచి చూస్తుంటే మా కారు టాప్ ఒక్కటే కనబడేది. నీళ్లు తీశాక డోర్ తెరిస్తే సీట్ల మీద వేలు మందాన బురద. మా వీధి ఒక్కదాని నుంచే 14 బండ్లు లారీలు ఎక్కాయి. అవన్నీ ఏమయ్యాయో అని అప్పుడప్పుడు అనుకుంటా. ఎక్కడికీ పోలేదు, ఇలాగే వస్తున్నాయి.

ఇవి చూడండి. సీట్ బెల్ట్ ఆగేదాకా పూర్తిగా బయటకు లాగండి. చివరి మూరలో బురద మరక ఉంటుంది, దాన్ని ఎవరూ కడగరు. సీటు ముందుకు జరిపి పట్టాల కింద వేలు పెట్టండి, తుప్పు తగులుతుంది. మూడో వరస సీటు బోల్టులు, స్టెప్నీ చుట్టుపక్కల మూలలు చూడండి. డాష్‌బోర్డ్ కింద ఫ్యూజ్ బాక్సులో కనెక్టర్లు పచ్చగా ఉంటే ఇక చూడక్కర్లేదు. ఏసీ ఆపి అద్దాలన్నీ మూసి ఎండలో అరగంట ఉంచండి, సెంటు ఎంత కొట్టినా ముక్కిన వాసన బయటకు వస్తుంది.

గన్నవరం_పైలట్
వరద బండి అయినా సెల్ఫ్ కొట్టకుండా షెడ్డుకు చేర్చి ఉంటే ఇంజిన్ బాగానే ఉంటుంది. సెల్ఫ్ కొడితే నీళ్లు లోపలికి పోయి కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి. అందుకే ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ లేనివాళ్ల క్లెయింలు కొట్టేశారు. ఆయిల్ మార్చి, గేర్ ఆయిల్ మార్చి నడుపుకోవచ్చు. మా పెదనాన్న బండి అలాగే నడుస్తోంది.

ఆటోనగర్_టింకర్
ఈ విషయంలో నా మాట వినండి. చాసిస్ గురించి ఇంజినీర్ గారితో నాకు తగాదా ఉంది, ఉంటుంది. కానీ డాష్‌బోర్డ్ దాకా మునిగిన బండి నేను ముట్టుకోను. ఆ సెప్టెంబరులో ఆటోనగర్‌కు రోజూ వరసగా వచ్చాయి, చూశాను. ఇంజిన్ సంగతి కాదు గన్నవరం గారూ, వైరింగ్ సంగతి. ఈ బండ్లలో తాళం నుంచి స్టీరింగ్ దాకా అంతా కరెంటే. బురద నీళ్లు కనెక్టర్లోకి పోతే ఈరోజు బాగుంటుంది, ఎనిమిది నెలలకు పిన్ను తుప్పు పట్టి స్టీరింగ్ పవర్ పోతుంది. రాత్రి హైవే మీద లైట్లు ఆరతాయి. అందులో వాళ్ల అమ్మగారిని గుంటూరు తీసుకెళ్తాడా?

గన్నవరం_పైలట్
మా పెదనాన్న బండికి 16 నెలలు అయింది, ఏమీ కాలేదు.

ఆటోనగర్_టింకర్
నీళ్లు ఎక్కడిదాకా ఎక్కాయి?

గన్నవరం_పైలట్
సీటు కిందిదాకా.

ఆటోనగర్_టింకర్
అది వేరు, ఇది వేరు. సీటు కిందిదాకా అయితే నేనూ చేసి ఇచ్చాను.

తెనాలి_ఎల్పీజీ
ఇలాంటి బండికి లోన్ ఎవరిస్తున్నారో చెప్పగలరా? నాకూ కావాలి.

ఏలూరు_తూర్పువీధి
ఈరోజు పొద్దున వెళ్లి వచ్చాను. డ్రైవర్ బెల్ట్ కొత్తది వేశారు. మధ్య వరసలో ఎడమ బెల్ట్ ఆగేదాకా లాగితే చివర్లో మట్టి రంగు గీత అడ్డంగా ఉంది. మూడో వరస సీటు బోల్టులు నాలుగూ తుప్పు. బోనెట్ కింద మాత్రం సీలెంట్, వెల్డింగ్ చుక్కలు అన్నీ కంపెనీవే, ముందు గుద్దిన ఆనవాలే లేదు. అదే అడిగాను. గుద్దింది అని ఎందుకు చెప్పావన్నా, మా అమ్మ కూర్చునే బండి ఇది, అన్నాను. వరద అంటే ఎవరూ లోపలికి కూడా రారండీ, గుద్దింది అంటే కనీసం బేరం ఆడతారు, అన్నాడు. అడ్వాన్స్ కట్టలేదు. పక్కన చూస్తున్న ఇంకో కుటుంబానికి బెల్ట్ లాగి చూపించి వచ్చాను. వాళ్లూ లేచి వెళ్లిపోయారు.

సింగ్‌నగర్ అన్నా, మీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. బడ్జెట్ కాస్త పెంచి, షోరూమ్ సర్వీస్ రికార్డు ఉన్న బండే చూస్తాను.

ఖమ్మం_మున్నేరు
మంచి పని చేశారు. ఆ ఓనర్‌కు కూడా నా గతే పట్టి ఉంటుంది. వీలైతే ఆర్‌సీ మీద ఉన్న అడ్రస్‌కు ఒక ఉత్తరం రాయండి, బండి ఇంకా ఆయన పేరు మీదే ఉందని. నేను సెటిల్‌మెంట్ లెటర్ జత చేసి ఆర్టీఏలో రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకున్నాను. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా అదే పంపాను, బండి ఎవరికి అమ్మారో చెప్పమని. జవాబు కోసం చూస్తున్నా.

భీమవరం_రోడ్లు
ఆటోనగర్ అన్నా, మా బావ బండి ఒకసారి చూస్తారా? ఐదు అలైన్‌మెంట్లు అయినా లాగుడు ఆగలేదు. వేడి పెట్టి లాగిన బండేనేమో అని భయంగా ఉంది. ఇంజినీర్ గారు కూడా వస్తే ఇంకా మంచిది.

ఆటోనగర్_టింకర్
గురువారం పొద్దున తీసుకురా. రాక్ మీద పెట్టి కొలుద్దాం. ఆయన వస్తే రమ్మను, కొలత ఆయనే చదవమను. ఈలోపు టైర్లు మాత్రం కొనొద్దు.