బ్లాకాడర్ ఆఖరి ఎపిసోడ్ చూసినంక నిద్ర పడ్తలేదు, మీకు గూడ ఇట్లనే అయిందా?

నల్లగొండ_నైట్‌షిఫ్ట్:
మిస్టర్ బీన్ చేసినాయన పాత సీరియల్ అని మొదలువెట్టిన, బ్లాకాడర్ గోస్ ఫోర్త్, 1989ల బీబీసీల వచ్చింది, మొత్తం 6 ఎపిసోడ్లే. 1917, మొదటి ప్రపంచ యుద్ధం, ట్రెంచ్‌ల, అంటే సైనికులు దాక్కునే కందకంల, ఇరుక్కున్న ఒక కెప్టెన్ ఎట్లన్న జేసి దాడికి పోకుండ తప్పించుకోవాలని చూస్తుంటడు, అదే కామెడీ. కడుపు నొప్పి లేసేదాంక నవ్విన. ఆరోదాంట్ల పిచ్చోని లెక్క చెడ్డీ నెత్తికి పెట్టుకొని ముక్కుల పెన్సిళ్లు దోపుకుంటడు, అది గూడ పారలే. ఇగ అందరు నిచ్చెనెక్కి తుపాకులకు ఎదురువోతరు, అంతే, అయిపోయింది. అమ్మ నీళ్లకు లేచి ఏమైంది బిడ్డా అని అడిగితే చెప్పరాలే. నవ్వించి నవ్వించి ఇట్ల చేసుడు న్యాయమేనా?

సూర్యాపేట_చౌరస్తా:
న్యాయమే తమ్మీ. ఆయన వేసే ప్రతి ప్లాన్ చావు తప్పించుకునేటందుకే గదా, మనం నవ్వుల పడి మర్చిపోయినం. నన్ను కొట్టింది కెప్టెన్ డార్లింగ్ అనేటాయన సీను. ఆఫీసుల కూసొని కాయితాలు చూసుకునేటోడు, జనరల్ మెల్చెట్ మేలు చేస్తున్న అనుకొనే ఫ్రంట్‌కు పంపుతడు, వద్దు సార్ అని బతిమిలాడినా చెవినవెట్టడు. అప్పటిదాంక వాడంటే నాకు మంట, ట్రెంచ్‌లకొచ్చి అందరి పక్కన నిలవడ్డంక ఆ మంట యాడికి పోయిందో. ఫిరంగులు ఆగంగనే యుద్ధం అయిపోయింది, బతికినం అనుకుంటడు సూడు, అవి ఆగిందే వీళ్లను ముందుకు పంపనీకె.

ఎడిటింగ్_పిచ్చి:
ఆ ఆఖరి షాట్ ముందు అనుకున్నది గాదు. సెట్ చిన్నది, ఉరికేది తీస్తే మంచిగ రాలే, ఎడిటింగ్ రూంల స్లో చేసి, టైటిల్ ట్యూన్ పియానో మీద మెల్లగ వాయించి, బురద మెల్లగ ఎర్ర గసాల పూల చేనుగ మారేటట్టు చేసిండ్రు. ఆ పువ్వు బ్రిటన్‌ల యుద్ధంల పోయినోళ్ల గుర్తు. మ్యాష్ అని అమెరికా వాళ్ల యుద్ధం కామెడీ సీరియల్, దాని ఆఖరి ఎపిసోడ్ గూడ చూసిన, 1983ది, అది గూడ ఏడిపిస్తది గని రెండున్నర గంటలు, ఇది అరగంటనే, నాకు ఇదే ఎక్కువ.

పాలమూరు_బిడ్డ:
దాడికి పోయే ముందు ఆ కెప్టెన్ కింద ఉండే సిపాయి బాల్డ్రిక్ ఒక మాటంటడు, నిచ్చెనకు పేడు లేచింది సార్, ఎవరికన్న గుచ్చుకుంటది అని. అక్కడ ఆపేసిన నేను. మా తాత బొంబాయి పనికి పోయే రాత్రి గూడ గిట్లనే ఉండేదంట, గుంపు మేస్త్రి లారీ తెల్లారగట్ల వస్తది, ఎవరు పండుకోకపోదురు, వాకిట్ల కూసొని ఒకరినొకరు ఎక్కిరించుకుంట నవ్వుడే, నాయనమ్మ రొట్టెలు మూట గడ్తుంటే ఈయన మంచం నులక వదులైంది, వచ్చినంక బిగిస్త అన్నడంట. భయమైతే మనిషి గిట్లనే మాట్లాడ్తడు, చిన్న చిన్న వాటి గురించి. ఆ నులక మల్ల మా నాయన బిగించిండు.

నల్లగొండ_నైట్‌షిఫ్ట్:
అన్నా, ఆ పేడు మాటకు నేను నవ్విన. మల్ల పెడుతున్న, ఈసారి అమ్మను గూడ పక్కన కూసోవెట్టుకుంట.