ముఖం మండుతుంటే క్రీము పనిచేస్తున్నట్టా?

నీలిగొడుగు:
చర్మం మీది మృతకణాల్ని వదిలించే గ్లైకాలిక్ యాసిడ్ సీరం మొదలుపెట్టి మూడు వారాలైంది. రోజూ రాత్రి రాస్తున్నాను, వారానికి మూడుసార్లు స్క్రబ్ కూడా. మొదటి రోజు నుంచే మంట. అమ్మినామెని అడిగితే "మండుతోందంటే లోపల పనిచేస్తున్నట్టు, ఆపకండి" అంది. ఆపలేదు. ఇప్పుడు మామూలు నీళ్లతో కడుక్కున్నా బుగ్గలు చుర్రుమంటున్నాయి. ముక్కు పక్కన చర్మం ప్లాస్టిక్ కాగితంలా మెరుస్తోంది, నవ్వితే బిగుసుకుపోతోంది. ఇంట్లోవాళ్లేమో "భలే గ్లో వచ్చిందే" అంటున్నారు. ఓర్చుకోవాలా, ఆపేయాలా?

గట్టుమీద:
ఓర్చుకోమనే చెప్తాను, ఎవరేమనుకున్నా సరే. నాకు మొటిమలకి డాక్టర్ ట్రెటినాయిన్ రాశారు. మొదటి నెల గడ్డం చుట్టూ పొట్టు రాలింది. మొటిమలు తగ్గకపోగా ఇంకో నాలుగు లేచాయి. ట్యూబు అవతల పారేద్దామనుకున్నా. పారెయ్యలేదు కాబట్టే మూడో నెలకి ముఖం ముఖంలా అయింది. కాస్త మంటకే మందు మార్చేవాళ్లకి ఏ మందూ పనిచేయదు.

లెక్కలరాయుడు:
గట్టుమీద గారి అనుభవం నిజమే, దాన్నుంచి తేల్చిన లెక్కతోనే నాకు పేచీ. మంటా వచ్చింది, ఫలితమూ వచ్చింది. మంట వల్లే ఫలితం వచ్చిందని ఎలా తెలిసింది?

దీన్ని పరీక్ష పెట్టి చూసినవాళ్లున్నారు. 1995లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఎండ వల్ల ముడతలు పడ్డ ముఖాలకి ట్రెటినాయిన్ 0.1 శాతం, 0.025 శాతం క్రీములు 48 వారాలపాటు వాడి పోల్చారు. మందు నాలుగో వంతే ఉన్న క్రీము కూడా ఇంచుమించు అంతే గుణం చూపించింది. ఎరుపూ, పొట్టూ మాత్రం 0.1 వాడినవాళ్లకే బాగా ఎక్కువ. అంతకుముందు 1986లో, మొటిమలకి రాసే మరో మందు బెంజాయిల్ పెరాక్సైడ్‌దీ ఇదే కథ. వాచిన మొటిమల్ని తగ్గించడంలో 2.5 శాతం జెల్ 10 శాతం జెల్‌కి తీసిపోలేదు, చిరాకు మాత్రం దానికంటే తక్కువ పెట్టింది. మంటే మందైతే, మంట పెరిగినకొద్దీ గుణమూ పెరగాలి కదా?

అసలు మంట ఎక్కడ పుడుతుందో చూడండి. చర్మంలోని నరాల కొసల్లో టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం ఉంటుంది. వేడికీ, ఆమ్లానికీ, మిరప ఘాటుకీ కూడా స్పందించేది అదే. 1997లో దాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది. "ఇక్కడేదో తేడాగా ఉంది" అని మెదడుకి కబురు పంపడం వరకే దాని పని. మొటిమ తగ్గుతోందో, మచ్చ పోతోందో దానికేం తెలుసు?

గట్టుమీద:
అధ్యయనాలు సరే. మరి డాక్టరే "మొదట్లో ఎర్రబడుతుంది, కంగారు పడొద్దు" అని ఎందుకన్నారు?

లెక్కలరాయుడు:
కంగారు పడొద్దన్నారు, కావాలని తెచ్చుకోమనలేదు. బస్సెక్కితే కుదుపులుంటాయి, కుదుపుల వల్ల బస్సు నడవదు కదండీ. కొద్దిగా రాయమనీ, రెండ్రోజులకోసారి మొదలుపెట్టమనీ చెప్పేది ఆ కుదుపు తగ్గించడానికే.

ఆకుపచ్చ:
ఈ యాసిడ్లూ పెరాక్సైడ్లూ ఎందుకండీ అసలు? కెమికల్స్ రాసుకుంటే మండదా మరి. నేను నిమ్మరసం రాస్తాను. ఒక్క నిమిషం చురుక్కుమంటుంది, అంతే. సహజమైనది కాబట్టి టెన్షన్ లేదు.

రాత్రిడ్యూటీ:
ఆ చురుక్కుమనిపించేదీ యాసిడ్డేనండీ, సిట్రిక్ యాసిడ్. చర్మం పైపొర పీహెచ్ 5 దగ్గర్లో ఉంటుంది, నిమ్మరసానిది 2 చిల్లర. పీహెచ్‌లో ఒక్క అంకె తగ్గితే ఆమ్లత్వం పది రెట్లు పెరుగుతుంది, అంటే ఇక్కడ తేడా వందల రెట్లు. సీరం సీసా మీద కనీసం శాతమైనా రాసుంటుంది.

పైగా నిమ్మజాతి కాయల్లో ఫ్యూరోకౌమరిన్లు ఉంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండలోకి వెళ్తే కాలినట్టు బొబ్బలెక్కవచ్చు. అదీ అప్పటికప్పుడు కాదు, ఒకట్రెండు రోజులకి. తర్వాత గోధుమరంగు మచ్చ వారాలో నెలలో ఉండిపోతుంది. రాసినప్పుడు మీకు తెలిసింది నిమిషం చురుకే.

నేను నర్సుని. మండే క్రీముల కంటే మండని కొన్నిటిని చూస్తేనే నాకు ఎక్కువ భయం. రంగు తేలడానికని స్టీరాయిడ్ కలిసిన క్రీము రాసుకునేవాళ్లని చూడండి. మొదట్లో మంట లేదు, ఎరుపు లేదు, ముఖం నున్నగా ఉంటుంది. వాపునీ ఎరుపునీ అణచడమే స్టీరాయిడ్ పని మరి. నెలలు గడిచేసరికి చర్మం పలచబడి, బుగ్గల మీద సన్నటి రక్తనాళాలు ఎర్రదారాల్లా తేలతాయి. మానేయగానే భగ్గుమంటుంది. "చూశారా, మానేస్తే ముఖం పాడైంది, ఆ క్రీమే మంచిది" అని మళ్లీ అదే రాస్తారు. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో. (అలా వాడుతున్నవాళ్లు ఎవరైనా చదువుతుంటే, సొంతంగా ఆపకుండా డాక్టర్‌ని అడిగి ఆపండి.)

నీలిగొడుగు గారూ, నీళ్లు తగిలినా మండుతోందంటే పైపొర దెబ్బతిన్నట్టే. ఆ పొర కాగితం కంటే పలచన. చనిపోయిన కణాలు ఇటుకల్లా, వాటి మధ్య సెరమైడ్లూ కొలెస్టెరాలూ కొవ్వు ఆమ్లాలూ సున్నంలా ఉంటాయి. యాసిడ్ ఇటుకల పట్టు వదులు చేస్తుంటే, మీరు స్క్రబ్‌తో వాటిని పీకేశారు. ఆ ప్లాస్టిక్ మెరుపు గ్లో కాదు. రెండూ ఆపండి. ఘాటు లేని క్లెన్సర్, వాసన కలపని మాయిశ్చరైజర్, పగలు సన్‌స్క్రీన్, అంతకుమించి ఏమీ వద్దు. ముఖం ఉబ్బినా, రసి కారినా మాత్రం ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

గట్టుమీద:
సరే, మంటే మందు కాదని ఒప్పుకున్నా. కానీ ఇది చదివి జనం చిన్న చురుకుకే ట్యూబులు పారేస్తారు. మొటిమల మందులకి గుణం కనిపించాలంటే ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. రెండో వారంలో పారేసినవాళ్ల సంగతేంటి? ఎక్కడిదాకా ఓర్చుకోవాలో, ఎక్కడ ఆగాలో చెప్పండి.

రాత్రిడ్యూటీ:
న్యాయమైన ప్రశ్నే. రాసిన కొద్ది నిమిషాల్లో వచ్చిపోయే చురుకు ఒకటి. గంటలకొద్దీ నిలిచేది, దురదతోనో వాపుతోనో వచ్చేది, రోజురోజుకీ పెరిగేది వేరు. రెండోది ఓర్చుకోవాల్సింది కాదు. డాక్టర్ రాసిన మందైతే ఫోన్ చేసి చెప్పాలి, తగ్గించాలా ఆపాలా వాళ్లే చూస్తారు. చామనచాయ, నలుపు చర్మం మీద ఎరుపు సరిగా కనబడదు, ఊదాగానో ఇంకాస్త నల్లగానో తేలుతుంది. అందుకే చాలామంది ఏమీ కాలేదనుకుంటారు. ఆ చిరాకు మిగిల్చే మచ్చ నెలలు ఉంటుంది.

అలర్జీ అయితే తరచూ రెండు మూడు రోజులకి గాని బయటపడదు. కాస్త రాసి పది నిమిషాలు చూసి "నాకు పడింది" అనుకోవడం అందుకే దండగ. కొత్తదేదైనా మోచేతి మడతలో రోజుకి రెండుసార్లు, వారం పది రోజులు రాసి చూడమంటారు.

ఆకుపచ్చ:
నిమ్మరసం ఆపుతాను. అలాగని సహజమైనవన్నీ ఒకే గాటన కట్టకండి.

లెక్కలరాయుడు:
కట్టడం లేదండీ. దేనికది చూడమంటున్నాం, కెమికల్స్‌ని కూడా.

నీలిగొడుగు:
పన్నెండో రోజు. నీళ్లు తగిలితే మంట లేదు, ముక్కు పక్కన మెరుపూ పోయింది. ఇంట్లో "గ్లో తగ్గిందేంటి" అని ఒకటే గోల. సీరం సీసా మూతపెట్టి పైన పెట్టేశా. స్క్రబ్ పారేయబుద్ధి కాక మడమలకి రుద్దుతున్నా.

గట్టుమీద:
మడమలు మండితే మాత్రం ఓర్చుకోమని చెప్పనులెండి.