అప్‌డేట్: పలాస జీడిపప్పు యూనిట్ల డీఈఏ స్కోర్లు

పలాసలో 12 జీడిపప్పు యూనిట్లను డీఈఏతో (వాడిన ఇన్‌పుట్లకి ఎంత అవుట్‌పుట్ వచ్చిందో పోల్చి, సామర్థ్యానికి స్కోరిచ్చే పద్ధతి) పోలిస్తే దాదాపు అన్నిటికీ 1 స్కోరే, అంటే పూర్తి మార్కులే, ఎందుకొస్తోందని అడిగాను కదా. యూనిట్లు తక్కువ, కాలమ్‌లు ఎక్కువ అని మీరన్నదే నిజం. నాలుగు ఇన్‌పుట్లు, మూడు అవుట్‌పుట్లంటే మామూలుగా వాడే లెక్కలో ఆ ఏడుకి మూడు రెట్లు, కనీసం 21 యూనిట్లు కావాలి. అందుకే పిక్కల బస్తాలు, కూలీల పనిగంటలు, గుండు పప్పు కిలోలు, బద్దల కిలోలు మాత్రమే ఉంచాను. గుండు శాతం కాలమ్ పీకేశాను. కిలోల పక్కన శాతాలు కలిస్తే లెక్క చెడుతుంది. ఇప్పుడు తేడాలు బాగానే కనిపిస్తున్నాయి.

ఒక్క టెన్షన్ మిగిలింది. ఇంట్లోనే నడిచే బుల్లి యూనిట్‌కి బీసీసీలో (యూనిట్ల సైజు తేడాను లెక్కలోకి తీసుకునే డీఈఏ మోడల్) మళ్లీ 1 వచ్చింది. అందరికంటే తక్కువ పనిగంటలున్న యూనిట్‌కి ఆ మోడల్లో 1 ఎలాగూ వస్తుంది. పైగా ఇంటావిడ పొట్టు తీసిన గంటలు మస్తర్లో ఎవరు రాస్తారు? అవి అడిగి రాసుకొచ్చాకే ఆ స్కోరును నమ్ముతాను.