కలర్ ఫోటో పేపర్‌ని నేరుగా ఎండకు చూపి ప్రింట్ చేయడం: ల్యాబ్ తెలిసినవారు చెప్పగలరా?

అందరికీ నమస్కారం. కలర్ ల్యాబ్ నడిపినవారు, డార్క్‌రూమ్‌లో పనిచేసినవారు ఉంటే కాస్త సాయం కావాలి.

కేయ్ ఇతో అనే జపాన్ ఫోటోగ్రాఫర్ ఉన్నారు, ఇప్పుడు అమెరికాలో పనిచేస్తున్నారు. ఆయన తాతగారు హిరోషిమా బాంబు నుంచి బతికి బయటపడ్డారు, తర్వాత క్యాన్సర్‌తో పోయారు. ఆ రోజు ఆకాశంలో వందల సూర్యుళ్లు వెలిగినట్టుందని ఆయన చెప్పేవారట. ఆ మాట నుంచే మనవడి 'సన్‌గేజింగ్' పుట్టింది. అందులో కెమెరా లేదు. చీకటిగదిలో చిన్న సందు ముందు కలర్ ఫోటో పేపర్‌ని, ఊపిరి తీసేటప్పుడు ఎండకు జరుపుతూ, వదిలేటప్పుడు ఆపారు. అలా 108 ప్రింట్లు. జపాన్ బౌద్ధాలయాల్లో కొత్త సంవత్సరం వేళ గంట మోగించేదీ 108 సార్లే. శిథిలాల ఫోటోలు చాలా చూశాను గానీ, ఏదీ నన్ను ఇంతగా కదిలించలేదు.

హిరోషిమాపై బాంబు పడిన ఆగస్టు 6న మా ఫోటోగ్రఫీ బృందంతో ఈ పద్ధతి చేసి చూపించాలని ఉంది. సయనోటైప్‌కి (ఎండతో నీలిరంగు ప్రింట్ తీసే పాత పద్ధతి) నిమిషాల తరబడి ఎండ కావాలి, ఒక్క ఊపిరి చాలదు. అందుకే అడుగుతున్నాను: మినీల్యాబ్ (స్టూడియోల్లో కలర్ ఫోటోలు ప్రింట్ చేసే మెషీన్) పేపర్ రోల్ నుంచి ముక్కలు కోసి ఇచ్చేవారు హైదరాబాద్‌లో గానీ విజయవాడలో గానీ ఉన్నారా? విడి షీట్‌ని ఆ మెషీన్‌లో డెవలప్ చేయొచ్చా, లేక ట్రేలలోనే చేయాలా?

ఇంకొకటి. మా ఇళ్లలో ఆ బాధ పడినవారు ఎవరూ లేరు. అలాంటప్పుడు ఆ 108 లెక్కను మేం వాడుకోవడం సబబేనా? నాకైతే పద్ధతి మాత్రమే తీసుకోవాలనిపిస్తోంది. మీరేమంటారు?