ఆటగాడిని ‘లోతు కోసం’ తీసుకుంటారా?

ప్రశ్న

గుంపులోని పెద్దలకు నమస్కారం. నేను టొరంటోలో ఉంటాను. ఇక్కడి ఐస్ హాకీ విశేషాలను మా నాన్నగారికి ప్రతి వారం తెలుగులో రాసి పంపుతుంటాను. ఫలానా జట్టు ఒక ‘అఫెన్సివ్ డిఫెన్స్‌మన్’ను ‘డెప్త్ కోసం సైన్ చేసింది’ అన్న వార్త వచ్చినప్పుడల్లా కలం ఆగిపోతోంది. ‘లోతు కోసం దాడిచేసే రక్షకుడిని సంతకం చేసింది’ అని రాసి చూశాను. చదివితే నాకే అర్థం కాలేదు. సరైన మాటలు సూచించగలరా?

జవాబు

ఇటువంటి మాటల విషయంలో నిఘంటువు కంటే ఒక ఆటగాడి కథే ఎక్కువ సాయపడుతుందని నా నమ్మకం. అందుకే స్వీడన్ దేశస్థుడైన ఎరిక్ గుస్తాఫ్‌సన్‌ను తీసుకుంటాను. 2018-19లో షికాగో బ్లాక్‌హాక్స్ తరఫున 79 ఆటలలో 17 గోల్స్ కొట్టి, మరో 43 గోల్స్‌కు పాస్‌లు అందించిన ఈ డిఫెండర్, 2020లో ఫిలడెల్ఫియా జట్టుతో 30 లక్షల డాలర్లకు ఏడాది ఒప్పందం చేసుకున్నాడు. ఆ మరుసటి ఏడాదే న్యూయార్క్ ఐలాండర్స్ జట్టు శిక్షణ శిబిరంలో ఒప్పందమేమీ లేకుండా తనను తాను నిరూపించుకోవలసి వచ్చింది. వారు వద్దనుకున్నాక షికాగో 8 లక్షల డాలర్లకు మళ్ళీ తీసుకుంది. 2022లో వాషింగ్టన్ కాపిటల్స్ కూడా అదే మొత్తానికి, అదీ ఒక్క ఏడాదికే తీసుకుంది. అప్పట్లో ఈ జట్లన్నీ ఆడే ఉత్తర అమెరికా లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో కనీస వేతనమే ఏడున్నర లక్షల డాలర్లు. మీరు అడిగిన వాక్యం ఇటువంటి ఒప్పందాల గురించే పుట్టింది.

ముందుగా ‘అఫెన్సివ్’ సంగతి చూద్దాం. ఐస్ హాకీలో గోల్‌కూ, గోల్‌కు దారితీసిన పాస్‌కూ ఆటగాడికి ఒక్కో పాయింటు ఇస్తారు. షికాగోలో గుస్తాఫ్‌సన్ తెచ్చిన 60 పాయింట్లలో 43 పాస్‌ల వల్ల వచ్చినవే కనుక ‘గోల్స్ కొట్టే డిఫెండర్’ అంటే సగం కూడా చెప్పినట్టు కాదు. మైదానంలో ఆడే హాకీలో మన హర్మన్‌ప్రీత్ సింగ్ డిఫెండరై ఉండి 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 10 గోల్స్ కొట్టాడు కాబట్టి చాలామంది ఆయనతో పోలుస్తారు. కానీ ఆయన గోల్స్ ఎక్కువగా పెనాల్టీ కార్నర్లలోనూ పెనాల్టీ స్ట్రోక్‌లలోనూ వచ్చినవి. ఐస్ హాకీలో ఇటువంటి డిఫెండర్ పని వేరు. సొంత గోల్ దగ్గర దొరికిన పక్‌ను (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ళను) తడబడకుండా ముందుకు చేర్చడం, ఎదుటి జట్టువారిలో ఒకరు శిక్షపడి రెండు నిమిషాలు బయట కూర్చున్నప్పుడు ఎదుటి జట్టు భాగం మొదలయ్యే నీలి గీత దగ్గర నిలబడి ఎవరికి అందించాలో నిర్ణయించడం అతని పని. అందువల్ల ‘దాడిని నడిపించే డిఫెండర్’ అనడం సబబు. ‘రక్షకుడు’ అన్న మాటను మాత్రం నేను వాడను. అది తెలుగువారిని దైవం వైపో, రక్షక భటుల వైపో తీసుకుపోతుంది.

‘ఆటగాడిని సంతకం చేసింది’ అనేది తెలుగు వాక్యమే కాదు. సంతకాన్ని కాగితం మీద చేస్తాం, మనిషిని చేయలేము. ఐపీఎల్ వేలం అలవాటు చేసిన ‘కొనుక్కుంది’ కూడా ఇక్కడ నప్పదు, ఎందుకంటే ఇందులో వేలంపాట లేదు. ‘ఒప్పందం కుదుర్చుకుంది’ అనండి, లేదా నేను పైన రాసినట్టు ‘తీసుకుంది’ అంటే చాలు.

అసలు చిక్కు ‘డెప్త్’ దగ్గరే ఉంది. ఆట రోజున ఆరుగురు డిఫెండర్లు జంటలుగా మూడు వరుసలలో మంచు మీదికి వెళతారు. ఏడో వ్యక్తి చాలా రోజులు మామూలు దుస్తులలో కూర్చుని చూస్తాడు. ఎనభైకి పైగా ఆటలు సాగే సుదీర్ఘ కాలంలో ఎవరికో దెబ్బ తగులుతుంది, అప్పుడు అతడు కావాలి. దీనికి ‘అక్కర’ అన్న పాత మాట చక్కగా సరిపోతుంది. ‘రక్షణ శ్రేణిలో అక్కరకు వస్తాడని, దాడిని నడిపించగల గుస్తాఫ్‌సన్‌తో వాషింగ్టన్ ఒప్పందం కుదుర్చుకుంది’ అని రాసి చూడండి. ఆ అక్కర నిజంగానే వచ్చింది. 2022 డిసెంబరులో వాషింగ్టన్ ప్రధాన డిఫెండర్ జాన్ కార్ల్‌సన్ ముఖానికి పక్ తగిలి చాలాకాలం దూరమయ్యాడు. గుస్తాఫ్‌సన్ ఆ జట్టుకు 61 ఆటలు ఆడి 38 పాయింట్లు తెచ్చాడు.

జట్టులో చోటు ఖాయం కాని ఇటువంటివారిని ‘కడపంక్తి ఆటగాళ్ళు’ అనవచ్చునని నా సూచన. ‘వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదు’ అన్న సామెతలోని మాటే ఇది. భోజనాల వరుసకు ‘పంక్తి’ నుంచి వచ్చిన తద్భవమే ‘బంతి’. అయితే ఆటల రాతలో ‘కడబంతి’ అంటే ఓవరులో చివరి బంతి అనుకుంటారు కనుక ‘పంక్తి’నే ఉంచాను.

మరొకరి సందేహం

‘కడపంక్తి’ కించపరిచేటట్టు లేదా? పైగా ‘బ్యాటింగ్‌లో లోతు’ అని క్రికెట్ వార్తలలో చదువుతూనే ఉన్నాం కదా, హాకీకి ఎందుకు వద్దు?

జవాబు

క్రికెట్‌లో ఒకరి తరువాత ఒకరు దిగుతారు కాబట్టి, కిందికి పోయేకొద్దీ ఇంకా బ్యాటర్లు ఉన్నారన్న అర్థంలో ‘లోతు’ నిలబడింది. హాకీలో ఏడో డిఫెండర్‌ వంతు తనంతట తాను రాదు. ఎవరో ఒకరు తప్పుకుంటేనే వస్తుంది. అందుకే అక్కడ ‘అక్కర’ నయమంటాను. ఇక కించపరచడం గురించి అంటే, కడపంక్తిలో కూర్చున్నవారూ పిలుపు అందుకుని వచ్చిన అతిథులే. వడ్డన ఆలస్యమవుతుంది, అంతే. అయినా పేరు పట్టి ఒక మనిషి గురించి రాసేటప్పుడు ఆ మాట నొప్పిస్తుందనిపిస్తే, ‘చోటు ఖాయం కాని’ అని విడమరచి రాయడంలో తప్పేమీ లేదు. నాన్నగారికి రాసే ఉత్తరంలో నేనైతే అలాగే రాస్తాను.