బాపు కాలు విరిగితే బిల్లు 1,72,000, ఇన్సూరెన్స్ ఇచ్చింది 1,10,000. ఈ కోత న్యాయమేనా?

పరకాల పోరడు:

అందరికీ నమస్తే. పోయిన నెల మా బాపు ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మి టీవీఎస్ ఎక్సెల్ మీద ఇంటికి వస్తుంటే ఆత్మకూరు దాటాక కుక్క అడ్డం వచ్చి పడ్డాడు. కుడి కాలు మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది. 108లో హన్మకొండ తెచ్చి ఒక ప్రైవేట్ హాస్పిటల్లో చేర్పించాం, ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు, 5 రోజులు ఉంచారు.

రెండేళ్ల కింద నేను ఇంట్లో అందరికీ కలిపి 3 లక్షల పాలసీ తీసుకున్నా. ఏజెంట్ అప్పుడు "మూడు లక్షల దాకా మీరు రూపాయి తియ్యక్కర్లేదు" అన్నాడు, నేనూ నమ్మి ఆ పుస్తకం విప్పి చూడలేదు, నా తప్పే. డిశ్చార్జ్ రోజు పొద్దున పదింటికి డాక్టర్ ఇంటికి పొమ్మంటే సాయంత్రం దాకా కౌంటర్ దగ్గరే నిలబడ్డాం. చివరికి బిల్లు 1,72,000, కంపెనీ ఒప్పుకున్నది 1,10,000. మిగతా 62,000 మిర్చి పైసల్లోంచే కట్టాం. కాగితం మీద "నాన్ మెడికల్ 7,000, ప్రపోర్షనేట్ డిడక్షన్ 55,000" అని రెండే లైన్లు ఉన్నాయి. కౌంటర్లో అడిగితే మీ కంపెనీని అడుగు అంటారు, కంపెనీకి ఫోన్ చేస్తే హాస్పిటల్‌ని అడుగు అంటారు.

ఇప్పుడు ఇంటి దగ్గర మందులు, ఫిజియోథెరపీ ఖర్చు వేరే నడుస్తుంది. అవన్నా వస్తాయా? ఇంకోటి, బాపుకు ఆరేళ్ల నుంచి షుగర్ ఉంది, పాలసీ తీసుకున్నప్పుడు ఫారంలో రాశాను. దానివల్ల ఏమైనా లొల్లి అవుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

కాజీపేట జంక్షన్:

తమ్మీ, బండికి ఇన్సూరెన్స్ ఉందా? అందులో 15 లక్షలు ఉంటాయి, దాని మీద క్లెయిమ్ చెయ్. హెల్త్ పాలసీ వెంట ఎందుకు పడుతున్నావ్.

బిల్లింగ్ కౌంటర్:

జంక్షన్ గారూ, ఆ 15 లక్షలు ఓనర్ డ్రైవర్‌కు ఇచ్చే పర్సనల్ యాక్సిడెంట్ కవర్. మనిషి చనిపోతేనో, కాలో చెయ్యో కన్నో పోతేనో, శాశ్వతంగా పనికిరాకుండా అయితేనో ఇస్తారు. ఎముక విరిగి అతుక్కుంటే దాంట్లో రూపాయి రాదు, హాస్పిటల్ బిల్లు అసలే కట్టదు. థర్డ్ పార్టీ అంటే మన బండి వల్ల దెబ్బ తగిలిన ఎదుటివాళ్ల కోసం. ఇక్కడ ఎదుట ఉన్నది కుక్క.

తమ్ముడూ, నేను ఒక హాస్పిటల్ ఇన్సూరెన్స్ డెస్కులో తొమ్మిదేళ్లు కూర్చున్నా, ఇప్పుడు మానేశా కాబట్టి చెప్తున్నా. నీ బిల్లులో ఒక్కో హెడ్డు ఎంతో రాయలేదు, అది పెడితే లెక్క తేల్చొచ్చు. అసలు ముందు ఒకటి చెప్పు, పాలసీలో రూమ్ రెంట్ లిమిట్ ఎంత, మీరు తీసుకున్న రూమ్ ఎంత?

పరకాల పోరడు:

అక్కా, ఇప్పుడే చూశా. రూమ్ రోజుకు సమ్ ఇన్సూర్డ్‌లో, అంటే పాలసీ మొత్తం 3 లక్షల్లో 1 శాతం, అంటే 3,000. మేము ఉన్నది రోజుకు 4,500 రూమ్. ఆ రాత్రి వేరే రూములు ఖాళీ లేవన్నారు, బాపు అరుస్తుంటే రేటు ఎవరు అడుగుతారు.

బిల్లు ఇది: రూమ్ 22,500. సర్జన్, ఆపరేషన్ థియేటర్, మత్తు డాక్టర్, విజిట్లు అన్నీ కలిపి 72,000. రాడ్డు, స్క్రూలు 31,000. మందులు, సామాన్లు 31,000 (కొట్టేసిన 7,000 ఇందులోవే). ఎక్స్‌రేలు, టెస్టులు 15,500.

బిల్లింగ్ కౌంటర్:

అదే అనుకున్నా. నీకు రూమే దెబ్బ కొట్టింది. చాలామంది ఏమనుకుంటారంటే రూమ్ 4,500, లిమిట్ 3,000, తేడా రోజుకు 1,500 మనం కట్టుకుంటే సరిపోతుందని. అట్ల కాదు. లిమిట్ ఎంత శాతమో, రూముతో పాటు మారే మిగతా ఖర్చులకూ అంతే శాతం ఇస్తారు. 4,500లో 3,000 అంటే మూడింట్లో రెండు వంతులు, కాబట్టి మూడో వంతు నీ నెత్తిన.

అయితే మీ కంపెనీ ఏం చేసిందో చూడు. 1,72,000లో 7,000 తీసేస్తే 1,65,000. దానిలో మూడో వంతు సరిగ్గా 55,000. అంటే బిల్లు మొత్తం మీద గుండుగుత్తగా కోసేశారు. అది కుదరదు. ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ 2020లో పెట్టిన నియమం ప్రకారం ఈ కోత మందుల మీద, కన్స్యూమబుల్స్ (వాడి పారేసే సామాన్లు) మీద, ఇంప్లాంట్ల (ఒంట్లో వేసే రాడ్డు, స్క్రూల్లాంటివి) మీద, టెస్టుల మీద వేయకూడదు. ఐసీయూ చార్జీల మీదా వేయకూడదు. రాడ్డు నువ్వు జనరల్ వార్డులో పడుకున్నా అదే రాడ్డు, ఏసీ రూములో పడుకున్నా అదే రాడ్డు కదా. నీ పాలసీ పుస్తకంలో "అసోసియేటెడ్ మెడికల్ ఎక్స్‌పెన్సెస్" (రూముతో పాటు మారే ఖర్చులు) అన్న మాటకు అర్థం రాసి ఉంటుంది, ఆ పేజీ ఫోటో తీసి పెట్టుకో, నీకు అదే ఆయుధం.

సరైన లెక్క: రూములో 7,500 పోతుంది, సర్జన్-థియేటర్ 72,000లో 24,000 పోతుంది, నాన్ మెడికల్ 7,000. మొత్తం 38,500. వాళ్లు కోసింది 62,000. తేడా 23,500 నీకు రావాలి.

ఇంకో మెలిక ఉంది, ఇది డెస్కులో ఉన్నవాళ్లు కూడా చాలామంది చెప్పరు. రూమును బట్టి రేట్లు మార్చని హాస్పిటల్ అయితే ఆ ఖర్చుల మీద ఈ కోతే వేయకూడదు. మన దగ్గర చిన్న ఆర్థో హాస్పిటళ్లలో ఏ రూములో ఉన్నా సర్జన్ ఫీజు, థియేటర్ చార్జీ ఒకటే ఉంటాయి. మీ హాస్పిటల్లోనూ అంతే అయితే బిల్లింగ్ ఇన్‌చార్జితో లెటర్‌హెడ్ మీద ఒక ముక్క రాయించుకో, రేట్ల పట్టిక జిరాక్స్ జత చెయ్. అప్పుడు ఆ 24,000 కూడా అడగొచ్చు.

7,000 సంగతి మర్చిపో. గ్లోవ్స్, క్రేప్ బ్యాండేజ్, మోకాలికి వేసే ఇమ్మొబిలైజర్, వాకర్ ఇవన్నీ ఇవ్వనివాటి జాబితాలో ఉన్నాయి, మొత్తం 68 ఐటమ్స్. కాలు విరిగినోడికి ఏమేం కావాలో అవన్నీ ఏరి ఆ లిస్టులో పెట్టినట్టే ఉంటుంది. రెన్యువల్‌కు కన్స్యూమబుల్స్ రైడర్ (వాటికి విడిగా తీసుకునే అదనపు కవర్) దొరికితే తీసుకో.

షుగర్ గురించి టెన్షన్ వద్దు. ముందే ఉన్న జబ్బుకు వెయిటింగ్ పీరియడ్ (క్లెయిమ్ ఇవ్వని మొదటి కొన్నాళ్లు) ఆ జబ్బు వైద్యానికే, విరిగిన కాలుకు కాదు. యాక్సిడెంట్‌కు పాలసీ తీసుకున్న మొదటి 30 రోజుల ఆగుడు కూడా లేదు. పైగా నువ్వు ఫారంలో రాశావు, దాచినవాళ్లే చిక్కుల్లో పడతారు.

గోదావరిఖని బిడ్డ:

పైన అక్క చెప్పినదానికి ఒక్కటి కలుపుతా. డిశ్చార్జ్ సమ్మరీ అక్షరం అక్షరం చదువు. మా అమ్మకు మెట్ల మీద జారి తుంటి విరిగితే, జూనియర్ డాక్టర్ ఎవరో సమ్మరీలో బీపీ "2 ఏళ్లు" అనాల్సింది "12 ఏళ్లు" అని కొట్టాడు. కంపెనీవాళ్లు "పాలసీకి ముందే ఉన్న జబ్బు దాచారు" అని క్లెయిమే రిజెక్ట్ చేశారు. తుంటికీ బీపీకీ సంబంధం ఏంటని నేను మొత్తుకున్నా వినలేదు. చివరికి డాక్టర్ తప్పు పడింది అని సంతకం పెట్టి ఇచ్చిన కాగితం, పాత ఓపీ చీటీలు అన్నీ పంపితే రెండున్నర నెలలకు పడ్డాయి. ఆ రెండున్నర నెలలు అప్పు తెచ్చిన డబ్బుకు వడ్డీ మేము కట్టాం, అది ఎవరిస్తారు.

మందుల విషయం: రోజూ వాడే బీపీ, షుగర్ గోళీలకు మామూలు పాలసీ ఇవ్వదు, ఓపీడీ కవర్ (హాస్పిటల్లో చేరకుండా చూపించుకునే ఖర్చులకు) విడిగా ఉంటే తప్ప. మా అమ్మవి జన్ ఔషధి షాపులో తెస్తా, ఖర్చు బాగా తగ్గింది. ఈఎస్ఐ ఉన్నవాళ్లకు మాత్రం మందులు కూడా అక్కడే ఇస్తారు, జీతం 21,000 లోపు ఉంటే ఆఫీసులో అడగండి.

ములుగు రోడ్డు:

అంతా బాగుంది కానీ అసలు ఆహార భద్రత కార్డు లేదా మీకు? రాజీవ్ ఆరోగ్యశ్రీ లిమిట్ 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలు అయింది. పరకాల రైతు కుటుంబం దాన్ని వదిలి ప్రీమియం కట్టుకోవడం ఏంటో నాకు అర్థం కాదు. వరంగల్ సర్కారు దవాఖాన ఎంజీఎంకు పోయినా అయిపోయేది, ఎముకల డాక్టర్లు అక్కడా ఉన్నారు.

రోడ్డు యాక్సిడెంట్ అయితే ఇంకోటి కూడా ఉంది. 2025 మే నుంచి కేంద్రం స్కీము, ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల దాకా లక్షన్నర వరకు క్యాష్‌లెస్, కాకపోతే వాళ్లు గుర్తించిన హాస్పిటల్లోనే.

పరకాల పోరడు:

కార్డు ఉందన్నా. ఆ రాత్రి ఎవరికీ గుర్తు రాలేదు, అంబులెన్స్‌లో మా బావ "మంచి హాస్పిటల్‌కు పోదాం" అన్నాడు, పోయాం. ఇప్పుడు బిల్లు పట్టుకుపోతే ఆరోగ్యశ్రీలో ఇస్తారా?

ములుగు రోడ్డు:

ఇవ్వరు. అది హాస్పిటల్లో చేరినప్పుడే కార్డు చూపిస్తే నడిచేది, బయట కట్టిన డబ్బులు తిరిగిచ్చేది కాదు. సీఎంఆర్‌ఎఫ్‌కు (ముఖ్యమంత్రి సహాయ నిధి) పెట్టుకోవచ్చు, మీ ఎమ్మెల్యే ఆఫీసులో అడుగు. ఒరిజినల్ బిల్లులు అడుగుతారు, ఇన్సూరెన్స్ ఇచ్చిన డబ్బు మళ్లీ రాయకు, చేతి నుంచి కట్టినది మాత్రమే.

బిల్లింగ్ కౌంటర్:

కంపెనీతో తేలేదాకా ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకు తమ్ముడూ. అన్నీ రెండు సెట్లు జిరాక్స్ తీసిపెట్టు.

ఇంటికొచ్చాక మందులు అడిగావు కదా. చాలా పాలసీల్లో చేరకముందు 30 రోజులు, డిశ్చార్జ్ తర్వాత 60 రోజుల ఖర్చు ఇస్తారు, అదే దెబ్బకు సంబంధించినదైతే. యాంటీబయాటిక్, నొప్పి మాత్రలు, కాల్షియం, కుట్లు విప్పడం, మళ్లీ తీసే ఎక్స్‌రే అన్నీ వస్తాయి. షుగర్ గోళీలు రావు, ఒకే చీటీలో రెండూ కొనకు, విడివిడిగా బిల్లు వేయించు. ఫిజియో కూడా సర్జన్ రాసిస్తే చాలా పాలసీల్లో ఇస్తారు, కానీ ఇంటికొచ్చి చేసేవాళ్లు రసీదు లేకుండానే డబ్బు తీసుకుని పోతారు. రసీదు ఇవ్వను అంటే మనిషిని మార్చు.

మెడికల్ షాపు బిల్లు సంగతి గట్టిగా చెప్తున్నా. తెల్ల చీటీ మీద పెన్నుతో గోళీ పేరు, పక్కన అంకె గీకి ఇస్తారు చూడు, అది చెల్లదు. బిల్లు నంబరు, తేదీ, బాపు పేరు, డాక్టర్ పేరు, బ్యాచ్ నంబరు, షాపు లైసెన్స్ నంబరు ఉన్న కంప్యూటర్ బిల్లే కావాలి, దాని వెనక డాక్టర్ చీటీ పిన్ను కొట్టు. 60 రోజులు అయ్యాక పంపడానికి చాలా పాలసీల్లో 15 రోజులే టైము, క్యాలెండర్ మీద రాసిపెట్టుకో.

కోత గురించి ఫోన్లు చెయ్యకు. ఫోన్లో మాట్లాడింది ఎవడికీ గుర్తుండదు. కంపెనీ గ్రీవెన్స్ మెయిల్‌కు లెక్క రాసి పంపు. పలకకపోతే ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల వెబ్‌సైట్ బీమా భరోసాలో పెట్టు, 155255కు కూడా చేయొచ్చు. 30 రోజులైనా తేల్చకపోతే, లేదా ఇచ్చిన జవాబు నచ్చకపోతే, హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) ఉన్నాడు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

కాజీపేట జంక్షన్:

బండి ఇన్సూరెన్స్ గురించి నేను ఇన్నాళ్లూ తప్పుగానే అనుకున్నా. మా అల్లుడికి కూడా అదే చెప్పాను, ఇప్పుడు ఫోన్ చేయాలి.

పరకాల పోరడు:

ఐదు వారాల తర్వాత రాస్తున్నా. అక్క చెప్పినట్టే మెయిల్ పెట్టా, పాలసీలో ఆ పేజీ ఫోటో, నా లెక్క, బిల్లు. మొదట "నిబంధనల ప్రకారమే" అని ఒక్క లైను జవాబు వచ్చింది. ఏ నిబంధనో పేజీ నంబరు చెప్పమని మళ్లీ రాశా, బీమా భరోసాలోనూ పెట్టా. పోయిన గురువారం 23,500 అకౌంట్లో పడ్డాయి.

హాస్పిటల్ లెటర్ మాత్రం మూడుసార్లు తిరిగితే దొరికింది. థియేటర్ చార్జీ అన్ని రూములకూ ఒకటే అని రాశారు, సర్జన్ ఫీజు మాత్రం రూమును బట్టి మారుతుందట. కాబట్టి 24,000 మొత్తం రాదు, థియేటర్ వంతు 9,000 దాకా అడిగాను, ఇంకా జవాబు లేదు. మందుల బిల్లులు 6,300 అయ్యాయి, ఇంకా పంపలేదు, 60 రోజులు కానీ అని ఆగా. అందులో మొదటి వారానివి 1,150 తెల్ల చీటీలే, అవి పోయినట్టే. ఫిజియో అతను రసీదు పుస్తకం కొనుక్కొచ్చాడు, కొత్తది, మొదటి రసీదు మాదే.

బాపు వాకర్ పట్టుకుని గుమ్మం దాకా వస్తున్నాడు. 23,500 వచ్చాయంటే ఎన్ని బస్తాల మిర్చి అని లెక్కేశాడు, తర్వాత వాకర్ పైసలు ఎందుకు ఇయ్యరు అని అడిగాడు.